కుక్స్‌హాఫెన్‌లో నా ఆరు నెలలు

నేను కుక్స్‌హాఫెన్‌లో ఆరు నెలలు ఉన్నానని మా ఆఫీసులో అందరికీ తెలుసు. ఉత్తర జర్మనీలో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరది. వేసవి వస్తే జనం గాలి మార్పుకి అక్కడికి పోతారు. ఇసుకలో పెద్ద పెద్ద బుట్ట కుర్చీలుంటాయి. వాటిలో ఇద్దరేసి కూర్చుని, గాలి తగలకుండా ఎండ కాచుకుంటారు. రొట్టె మధ్యలో చేప పెట్టి అమ్ముతారు. ఊళ్లో బస చేసిన ప్రతివాడూ సముద్రపు గాలి పీల్చినందుకు మునిసిపాలిటీకి పన్ను కట్టాలి. ఒడ్డు చివర తాడిచెట్టంత ఎత్తున కొయ్యతో కట్టిన గుర్తు ఒకటుంది. పూర్వం ఓడలవాళ్లు దాన్ని చూసి దారి పోల్చుకునేవారు. ఇవన్నీ నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ ఊరు నేనెప్పుడూ చూడలేదన్న ఒక్క సంగతే చెప్పలేను.

రెండువేల అయిదులో నేను యూసుఫ్‌గూడలో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ని. పొద్దున్నే లేచి అమీర్‌పేటకి నడవడం, మైత్రీవనంలో ఏదో ఒక కోర్సు క్లాసులో కిటికీ దగ్గర చోటు కోసం తోసుకోవడం, మధ్యాహ్నం బయోడేటాలు పంచడం. ఎక్కడికెళ్లినా రెండేళ్ల అనుభవం ఉందా అనేవారు. ఉద్యోగం ఇవ్వందే అనుభవం ఎలా వస్తుందని అడిగితే, అది మీ సమస్య అన్నట్టు చూసేవారు. అందుకని అమీర్‌పేటలో బయోడేటాలో లేని అనుభవం 'పెట్టడం' అనే పద్ధతి ఉండేది. టీ కొట్టు దగ్గర ఇద్దరు కలిస్తే, ఎంత పెట్టావు, రెండు పెట్టా, నేను మూడు పెట్టా అని మాట్లాడుకునేవాళ్లు, పాయసంలో పంచదార గురించి మాట్లాడుకున్నట్టు. ఎవరికీ సిగ్గు లేదు. నాకు అసలే లేదు. ఎనిమిది నెలలు తిరిగాక సిగ్గు ఎవరికి మిగులుతుంది చెప్పండి!

నాకు అనుభవం పెట్టినాయన బుల్లబ్బాయి గారు. మాది నరసాపురం, ఆయనది పక్కనే మొగల్తూరు. ఒక సందులో రెండో అంతస్తులో చిన్న గది, ఒక కంప్యూటరు, గోడంతా రబ్బరు స్టాంపులు. ఆయనకి తన పని మీద ఎంతో గౌరవం.

"చూడు కేదారూ, బెంగుళూరు పెడితే ఇంటర్వ్యూ చేసేవాడి బావమరిది అక్కడే ఉంటాడు. లండన్ పెడితే వాడే ఉండొచ్చుంటాడు. చిన్న ఊరు పెట్టాలి. పేరు పలకడానికే నోరు తిరక్కూడదు. నువ్వు పనిచేసిన కంపెనీ మూతబడి ఉండాలి. నీ పాత పాస్‌పోర్టు పోయి ఉండాలి. ఈ మూడూ ఉంటే బ్రహ్మదేవుడు కూడా నిన్ను పట్టుకోలేడు" అన్నారు.

ఆయన సొరుగులోంచి రంగుల కాగితం ఒకటి తీశారు. ఎవరో విదేశం నుంచి తెచ్చిన హోటళ్ల ప్రకటన. "ఇదిగో, ఈ ఊరు ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు. మనవాడివని ఇస్తున్నా" అన్నారు, ఇంటి స్థలం రాసిస్తున్నట్టు.

ఇంటర్నెట్ సెంటర్లో వారం రోజులు కూర్చుని ఆ ఊరిని బట్టీ పట్టాను. పెట్టిన రెండేళ్లలో ఆఖరి ఆరు నెలలు నేనక్కడ ఒక హోటల్లో గదుల బుకింగ్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాను. ఆ హోటల్ మూసేశారు, పాపం. ఇంటర్నెట్‌లో దొరకనివి నా దగ్గరున్న సముద్రంతో పూడ్చుకున్నాను. చిన్నప్పటినుంచీ పేరుపాలెం ఒడ్డున ఆడుకున్నవాణ్ని. సముద్రం గురించి నాకొకడు చెప్పాలా అనుకున్నాను.

పంజగుట్టలో మా కంపెనీ. ఇరవై రెండు మందిమి. యజమాని కృష్ణమోహన్ గారిది బందరు. ఇంటర్వ్యూలో ఆయన జావా గురించి రెండే ప్రశ్నలడిగి, కుర్చీ ముందుకి జరుపుకుని, "ఏంటి, సముద్రం పక్కనే ఉన్నారా ఆరు నెలలు? ఎలా ఉండేదండీ?" అన్నారు.

"హోటల్ వెనకాలే సార్. రోజూ పొద్దున్నే లేచి ఒడ్డుకి వెళ్లేవాణ్ని. సముద్రంలోంచి సూర్యుడు పైకొస్తుంటే, అది చూశాకే ఆఫీసుకి."

"అబ్బ! మా మంగినపూడి ఒడ్డు గుర్తొచ్చిందయ్యా. ఎర్రగా, నీళ్లు కారుతున్నట్టు వస్తాడు కదూ?"

"అచ్చం అంతే సార్."

ఇద్దరం తలలూపుకున్నాం. ఉద్యోగం వచ్చేసింది.

ఆ సూర్యోదయం నన్ను ఎంత పీడించిందో చెప్పలేను. కృష్ణమోహన్ గారికి అది నాకన్నా బాగా నచ్చింది. కొత్త ఉద్యోగి చేరితే నా బల్ల దగ్గరికి తీసుకొచ్చి, "మా కేదార్ జర్మనీ సముద్రం ఒడ్డున ఉండొచ్చాడు. చెప్పవయ్యా ఆ సూర్యుడి సంగతి" అనేవారు. నేను చెప్పేవాణ్ని. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల దగ్గర మళ్లీ చెప్పేవాణ్ని. క్లయింటు వచ్చినా చెప్పాల్సిందే. ఒక్కోసారి నోరారా నిజం చెప్పేసి మెట్లు దిగి పారిపోవాలనిపించేది. కానీ నెల తిరిగితే జీతం, ఊళ్లో చెల్లి చదువు, అన్నిటికీ మించి మళ్లీ ఆ బయోడేటాల కట్టతో ఎండలో తిరగడం గుర్తొచ్చేది. ఇంకో మూడు నెలలు గడిస్తే అందరూ మర్చిపోతారులే అనుకునేవాణ్ని. ఎవరూ మర్చిపోలేదు.

పైగా రెండువేల ఆరు జూన్‌లో కృష్ణమోహన్ గారు చేసిన పని నా పీకల మీదికి తెచ్చింది. నా మీదున్న అభిమానం కొద్దీ ఆయన కుక్స్‌హాఫెన్‌లో ఉన్న హోటళ్లన్నిటికీ ఉత్తరాలు రాశారు. మీ ఊళ్లో ఆరు నెలలు పనిచేసిన ఇంజనీరు మా దగ్గరున్నాడు, మీ అవసరాలు మాకు తెలుసు అని. ఒక హోటల్‌వాళ్లు జవాబిచ్చారు. ఆగస్టుకల్లా ఒప్పందం కుదిరింది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర పెట్టడానికి రెండు వారాలు ఒకరు వెళ్లాలి.

"నువ్వేనయ్యా వెళ్లేది. నీ ఊరు నువ్వు మళ్లీ చూసుకో" అన్నారాయన, పెళ్లికి పంపిస్తున్నంత సంబరంగా.

అక్కడ దిగగానే, ఏ హోటల్లో చేశావు బాబూ అని ఊరంతా అడుగుతుంది. బుల్లబ్బాయి గారి సూత్రాలు ఊరు దూరంగా ఉన్నంతవరకే పనిచేస్తాయి. ఊరే ఎదురొస్తే ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు. పాస్‌పోర్టు పోయిందనీ, పోలీసు కాగితాలు ఇంకా రాలేదనీ, కొత్తది రావడానికి మూడు నెలలు పడుతుందనీ చెప్పాను. ఆయన బాధపడి నన్నే ఓదార్చారు. ఆ ఓదార్పు వింటుంటే చచ్చిపోవాలనిపించింది.

అప్పుడు సుష్మిత పేరు వచ్చింది. మా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని ఆమెది. నిజానికి దాని లోతుపాతులు నాకన్నా ఆమెకే తెలుసు. బల్కంపేట అమ్మాయి. తండ్రి రాజనర్సయ్య ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. పాస్‌పోర్టు ఉంది, వెళ్లాలని ప్రాణం పెట్టుకుంది. ఇంట్లో మాత్రం ఒప్పుకోలేదు.

"మా నాయన ఒక్కటే అంటుండు" అంది నా బల్ల దగ్గరికొచ్చి. "ఆ ఊరు చూసినోళ్లు ఎవరన్న వచ్చి నాతోని చెప్పాలె, అప్పుడు పంపుత అని. మీరు జర మా ఇంటికి రండి కేదార్ గారూ. మీరు చెప్తే వింటడు."

ఆమెని పంపాలనుకున్నది కృష్ణమోహన్ గారే కాబట్టి, నేను రానని ఏ సాకు చెప్పినా ఆయన వినరని తెలుసు. ఆదివారం పొద్దున వెళ్లాను.

ఎల్లమ్మ గుడికి వెనక సందులో రెండు గదుల ఇల్లు. రాజనర్సయ్య గారు నన్ను మంచం మీద కూర్చోబెట్టి తను కింద కూర్చున్నారు. ఎంత వద్దన్నా పైకి రాలేదు. సుష్మిత వాళ్లమ్మ రుద్రమ్మ గారు తలుపు దగ్గర నిలబడ్డారు. నాకెప్పుడూ ఎవరూ అంత మర్యాద చెయ్యలేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

"సారూ, మేం సముద్రం చూసినోళ్లం కాదు" అన్నారు రాజనర్సయ్య గారు. "మా బిడ్డ సుత చూడలే. అక్కడ నీళ్లు ఎట్లుంటయి? మనిషిని గుంజుకుంటయా?"

ఇదొక్కటి నేను చదివాను. అక్కడి సముద్రంలో పెద్ద అలలుండవని. మా పేరుపాలెంలో ఏటా ఎవరో ఒకర్ని మింగేది అలే. అల లేకపోతే ఇక భయమేముంది? "అలలే ఉండవండీ. చెరువులాగా ఉంటుంది. చిన్నపిల్లలు కూడా లోపలికి నడుచుకుంటూ పోతారు" అన్నాను ధైర్యంగా.

"ఆడపిల్ల ఒక్కతే తిరగొచ్చునా?"

"నిక్షేపంగా. పొద్దున్నే అయితే ఇంకా బాగుంటుంది." అలవాటైన నోరు ఆగదు కదా. సూర్యోదయం మొత్తం చెప్పాను. తెల్లవారకముందే ఒడ్డుకి పోవాలి, సముద్రం వైపు తిరిగి నిలబడాలి, అది చూడకపోతే ఆ ఊరికి వెళ్లినట్టే కాదు.

రుద్రమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నారు. సుష్మిత కళ్లు మెరుస్తున్నాయి. రాజనర్సయ్య గారు చాలాసేపు నా మొహం చూసి, "నాకు ఆ దేశం ఎరుక లేదు, ఇంగ్లీషు ఎరుక లేదు. నీ మాట మీద పంపుతున్న బిడ్డా" అన్నారు. సారూ అన్నాయన బిడ్డా అన్నారు. నేను తలొంచుకుని టీ తాగాను.

సెప్టెంబరులో సుష్మిత వెళ్లింది. ఆమె కంపెనీకి రోజూ మెయిలు పెట్టేది, అంతా పని గురించే. వచ్చాక అందరి ముందూ ఏం చెబుతుందో, ఎన్ని తప్పులు బయటపడతాయో అని లెక్కలేసుకుంటూ కూర్చున్నాను. బుల్లబ్బాయి గారి దగ్గరికి పరిగెత్తితే, "రెండు వారాలు పోయినామె మాట నెగ్గుతుందా, ఆరు నెలలున్న నీ మాట నెగ్గుతుందా? గట్టిగా నిలబడు" అన్నారు. ఆయన నిజంగా నేనక్కడ ఉన్నానని నమ్మడం మొదలెట్టారేమోనని అనుమానం వచ్చింది.

ఆమె వచ్చిన సోమవారం కృష్ణమోహన్ గారు అందర్నీ పెద్ద గదిలోకి పిలిచారు. క్లయింటు చాలా సంతోషించాడట. జనవరి నుంచి ఏడాది పాటు సుష్మితనే పంపమన్నాడట. చప్పట్లు కొట్టాం. తరవాత ఆయన చేతులు రుద్దుకుంటూ, "సరే ఇప్పుడు చెప్పమ్మా. మా కేదార్ చెప్పినట్టే ఉందా ఊరు?" అన్నారు.

ఆమె నావైపు చూసింది.

"ఆయన చెప్పినట్లే ఉంది సార్" అంది.

"సూర్యోదయం?"

"చూసిన సార్. మస్తుగుంది."

కృష్ణమోహన్ గారు నా వీపు మీద చరిచారు. బతికిపోయానని నాకు ఒక్క క్షణం సంతోషం కలిగింది. సిగ్గులేని సంతోషం. అబద్ధం ఎందుకు చెప్పిందో ఆలోచించనుకూడా లేదు.

మధ్యాహ్నం ఆమె నన్ను మెట్ల మీదికి పిలిచింది. కింద పంజగుట్ట ట్రాఫిక్ హోరు.

"మీరు ఎన్నడూ పోలేదు కదా అక్కడికి?" అంది.

నేను కింద పోతున్న బస్సుల వైపు చూశాను.

"ఆ ఊర్ల సూర్యుడు సముద్రంలకెళ్లి రాడు. సముద్రంల మునుగుతడు. పొద్దున ఊరి వెనకకెళ్లి వస్తడు. అక్కడ ఒక్క దినం ఉన్నోనికి తెలుస్తది గది."

తూర్పున సముద్రం ఉన్న ఊళ్లో పుట్టాను నేను. సముద్రమంటే సూర్యుడు అందులోంచే వస్తాడు. బందరులో పుట్టిన కృష్ణమోహన్ గారికీ అంతే. పడమటివైపు సముద్రం ఉంటే ఏమవుతుందని మా ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

"క్షమించండి" అన్నాను. "ఇంత చిన్నదానికి..."

"చిన్నదా?" అంది. అప్పుడు చెప్పింది.

ఆమె వెళ్లిన మూడో రోజు తెల్లారకముందే ఒడ్డుకి పోయిందట. తీరా చూస్తే సముద్రమే లేదు. కనుచూపు మేరా తడి బురద. అక్కడ నీళ్లు రోజుకి రెండుసార్లు మైళ్ల దూరం వెనక్కి పోయి మళ్లీ వస్తాయి. ఆ సంగతి ఆమెకి తెలీదు. నాకూ తెలీదు. అక్కడ ఉన్న ప్రతివాడికీ తెలిసినదాన్ని బహుశా ఎవరూ ప్రత్యేకంగా రాయరు, లేదా రాసినదాన్ని నేను చదవలేదు. సముద్రం ఇంకొంచెం ముందుందేమో, సూర్యుడు వచ్చేలోపు దాని దగ్గరికి పోవాలని ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని ఆ బురదలో నడిచింది. చెరువులాగా ఉంటుంది, చిన్నపిల్లలు కూడా నడుస్తారని నేను చెప్పాను కదా. గంట నడిచింది. వెలుతురు వీపు వెనకనుంచి వచ్చింది. సముద్రం వైపు మబ్బు పట్టిందేమోననుకుని ఇంకా ముందుకి పోయింది. వెనక్కి తిరిగేసరికి ఆమెకీ ఊరికీ మధ్య నీళ్లు పారుతున్నాయి. ముందునుంచి రాలేదు నీళ్లు, పల్లాల్లోంచి చుట్టూ తిరిగి వెనకనుంచి వచ్చాయి. చప్పుడు లేదు, అల లేదు.

"మోకాళ్ల దాకా వచ్చినయి. ఇగ నడుముల దాకా. దూరంగ ఒక కొయ్య గుంజ, మీద బోను లెక్క ఉంది. ఇట్ల చిక్కినోళ్ల కోసమే పెట్టిండ్రంట. నిచ్చెన పట్టుకొని ఎక్కి అండ్ల కూసున్న. కింద అంతా సముద్రం. రెండు గంటలు. మా అమ్మని తలుచుకుంట ఏడ్చిన. ఇగ నిన్ను తిట్టుకున్న, నోటికొచ్చినట్లు." మీరు కాస్తా నువ్వు అయింది. "ఎవరో చూసి పడవ పంపిండ్రు. హోటలాయన అడిగిండు, మా ఊర్ల ఆరు నెలలున్న మనిషి నీకు గిది చెప్పలేదా అని. చెప్పిండు, నేనే మర్చిపోయిన అని చెప్పిన."

ఇన్నాళ్లూ నా అబద్ధం నా పీకకే ఉరి అనుకున్నాను. ఈ పిల్ల ప్రాణం దానిలో ఉందని కల్లో కూడా అనుకోలేదు.

"సార్‌తో ఇప్పుడే చెప్పేస్తాను. మీ నాన్నగారితో కూడా" అన్నాను. నిజంగానే అన్నాను. పోతే పోయింది ఉద్యోగం.

"ఖబర్దార్!" అంది. "చెప్తే నీకు హాయిగ ఉంటది. మా నాయన నన్ను గడప దాటనిస్తడా? జనవరిల నేను పోవాలె. ఇంట్ల గీ సంగతి చెప్పలే. నాయన మళ్ల నిన్నే పిలుస్తనంటుండు. నువ్వొచ్చి, ఏం ఫికర్ లేదు పంపండి అని చెప్పాలె. నీ బరువు దించుకోనీకి నా తొవ్వకు అడ్డం పడకు."

ఏడాదిగా నిజం చెప్పడానికి భయపడ్డాను. తీరా ధైర్యం వచ్చిన రోజున, చెప్పే హక్కు పోయింది. మెట్లెక్కి వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను. ఇంకో కొత్త ఉద్యోగిని వెంటబెట్టుకుని కృష్ణమోహన్ గారు అప్పుడే నావైపు వస్తున్నారు.

దసరా దాటాక ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచారు. మటన్ వాసన సందు మొదట్లోనే తగిలింది. రాజనర్సయ్య గారు ఈసారి నా పక్కనే మంచం మీద కూర్చుని నా భుజం మీద చెయ్యేశారు. రుద్రమ్మ గారు కంచం పెట్టి, "నువ్వు మా పెద్ద కొడుకు లెక్క" అన్నారు.

"ఏడాది అంటుండ్రు" అన్నారు రాజనర్సయ్య గారు. "మా అన్నదమ్ములు వద్దంటుండ్రు. నేను నీ మాట విని చెప్త అన్న. ఏమంటవ్?"

సుష్మిత గోడకి ఆనుకుని నా కళ్లలోకే చూస్తోంది.

"పంపండి అంకుల్. ఏం ఫర్వాలేదు" అన్నాను. గొంతు బాగానే పలికింది.

"గట్లనే. నాకు తెలుసు నువ్వు గట్లనే చెప్తవని." ఆయన మొహం విప్పారింది. "ఇంకొక్క మాట. ఎండకాలం మేమిద్దరం సుత పోయి చూసొద్దామనుకుంటున్నం. నాకు రిటైర్మెంటు వస్తది. ఈమెకు మోకాళ్ల నొప్పులు, ఉరకలేదు. అలలు లేని నీళ్లంటివి గద? ఈమె మెల్లగ లోపలికి నడిస్తే ఏం కాదు గద?"

ఊఁ అనాలి. అంతే. సుష్మిత కళ్లు అనమంటున్నాయి. తరవాత వాళ్లని ఒడ్డున ఎలా ఆపుకోవాలో ఆమె చూసుకుంటుంది. రుద్రమ్మ గారు గరిటె పట్టుకుని, చిన్నపిల్లలాగా నా నోటివైపు చూస్తున్నారు. లావుపాటి మనిషి, కాళ్లకి వాపు. నడుముల దాకా నీళ్లలో ఆవిడ కనిపించింది నాకు.

"వద్దండీ" అన్నాను. "నడవకూడదు. అక్కడ సముద్రం వెళ్లిపోతుంది. మళ్లీ వెనకనుంచి వస్తుంది. లోపల చిక్కుకుంటే బయటపడలేరు. ఎవర్నీ ఒంటరిగా నడవనివ్వకండి."

సుష్మిత కళ్లు మూసుకుంది.

రాజనర్సయ్య గారు భుజం మీంచి చెయ్యి తీశారు. "మరి అప్పుడు చెప్పలేదేంది?"

"అప్పుడు నాకు తెలీదండీ."

"ఆరు నెలలుంటివి గద?"

నేను కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆయన మళ్లీ అడగలేదు. ముప్పై ఏళ్లు బస్సుల ఇంజన్లు విన్న మనిషి, నా మౌనాన్ని కూడా అలాగే కాసేపు విన్నారు. తరవాత కూతురి వైపు తిరిగారు.

"నువ్వు నడిసినవా?"

"నడిసిన నాయనా."

"చిక్కినవా?"

ఆమె చెప్పింది. నాకు చెప్పినంత వివరంగా కాదు. బురద, నీళ్లు, బోను, పడవ. రుద్రమ్మ గారు గరిటె కింద పడేసి, కూతుర్ని పట్టుకుని ఏడవడం మొదలెట్టారు. రాజనర్సయ్య గారు కదల్లేదు.

"దిగినంక ఏం చేసినవ్?" అన్నారు.

"హోటల్‌కి పోయి బట్టలు మార్చుకొని పనికి పోయిన."

"అదే దినమా?"

"పదింటికి మీటింగ్ ఉండె నాయనా."

"తెల్లారి?"

"నీళ్లు ఎప్పుడొస్తయో ఎప్పుడు పోతయో టైములు రాసిన కాగితం తెచ్చుకున్న. మళ్ల ఒడ్డుకు పోయిన. నిలబడి చూసిన, ఎట్లొస్తయో."

"భయం కాలేదా?"

"అయింది. అందుకే పోయిన."

పక్కింట్లో టీవీ మోగుతోంది. నేను లేచి పోదామనుకున్నాను, కానీ ఎంగిలి చేత్తో ఎలా లేవాలో తెలియలేదు.

"నువ్వు పో బిడ్డా" అన్నారు రాజనర్సయ్య గారు కూతురితో. "జనవరిల పో. గీసారి ఎవ్వని మాట మీద కాదు. నీ మాట మీద పంపుతున్న. మా అన్నదమ్ములకు నేను చెప్పుకుంట."

సుష్మిత రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఇన్నాళ్లూ ఆమె దేనికి భయపడిందో అది జరగలేదు. నిజం విన్నాకే ఆయన తలుపు తీశారు. అదేదో మొదటే నేను చెప్పి ఉంటే అని ఆలోచించబోయి, ఆ ఆలోచన భరించలేక మానేశాను.

ఆయన నావైపు తిరిగితే కొడతారేమోననుకున్నాను. కొట్టినా బాగుండేది. "అన్నం వదిలిపెట్టకు, తిను" అన్నారు. సగం ఏడుస్తూనే రుద్రమ్మ గారు మళ్లీ వడ్డించారు. కన్నీళ్లతో, కోపంతో, అయినా వడ్డించారు. నేను తిన్నాను. ప్రతి ముద్దా మింగాను.

చెయ్యి కడుక్కుని గుమ్మంలో చెప్పులేసుకుంటుంటే ఆయన వెనకే వచ్చారు.

"మీ సారుకు చెప్తావో లేదో నీ ఇష్టం" అన్నారు మెల్లగా. "నా నోట్లకెళ్లి రాదు. మా బిడ్డ నోట్లకెళ్లి రాదు."

అంటే నన్ను ఎవరూ పట్టివ్వరు. రేపు సోమవారం పది గంటలకి కొత్త క్లయింటు వస్తున్నాడు. కృష్ణమోహన్ గారు నా భుజం మీద చెయ్యేసి, మా కేదార్ అక్కడ ఆరు నెలలున్నాడండీ అంటారు. ఆపేవాడంటూ ఉంటే అది నేనే. నేనెలాంటివాణ్నో నాకు తెలుసు.

"కేదార్ సారూ" అన్నారు రాజనర్సయ్య గారు. బిడ్డా అనలేదు. "నువ్వు ఎప్పుడన్న ఆ ఊరికి పోతే, ముందుగాల మా బిడ్డనడిగి పో. పానం మీదికి రాకుండ ఎట్ల నడవాలెనో చెప్తది."

సరేనండీ అన్నాను.